పెళ్లి కాని జంట విదేశాలకు వెళ్లాలంటే: రెండో మనిషి ఏ హోదాలో వెళ్తారో ముందు తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీరిద్దరూ మహిళలు, నాలుగేళ్ల బంధం, అందులో మూడేళ్లు ఒకే ఇంట్లో ఉన్నారు. మీరున్న చోట మీ పెళ్లికి చట్టబద్ధత లేదు. మీకు విదేశంలో ఉద్యోగం దాదాపు ఖాయమైంది. నెదర్లాండ్స్, జర్మనీ, కెనడా, ఈ మూడింటిలో ఏదో ఒకటి ఎంచుకోవచ్చన్నారు. కంపెనీ హెచ్‌ఆర్ మాత్రం 'స్పౌస్ అయితేనే డిపెండెంట్ వీసా' అంటోంది. మీ పార్ట్‌నర్ రావడానికి దారి ఉందా, వచ్చాక ఖాళీగా కూర్చోవాలా అన్నది మీ టెన్షన్.

పన్నెండేళ్లుగా ఉద్యోగుల్ని, వాళ్ల కుటుంబాల్ని దేశాలు దాటించే పనిలోనే ఉన్నాను. పెళ్లి కాకుండా పార్ట్‌నర్‌గా వీసా తీసుకున్న అనుభవం నాకూ ఉంది. అందుకే చెబుతున్నాను: మీ హెచ్‌ఆర్ మాట సగమే నిజం. జర్మనీకి అది సరిపోతుంది. నెదర్లాండ్స్‌కి, కెనడాకి సరిపోదు. చాలా కంపెనీల్లో పాలసీ పత్రంలో 'స్పౌస్' అని రాసి ఉంటుంది, దాన్నే ఆ దేశ చట్టం అనుకుని చెప్పేస్తుంటారు. కంపెనీ పాలసీ వేరు, దేశ చట్టం వేరు. టికెట్టు ఖర్చు ఎవరు పెట్టుకుంటారో చెప్పేది పాలసీ. ఎవరు రావచ్చో చెప్పేది చట్టం.

ఎక్కువమంది 'ఏ దేశం మమ్మల్ని ఒప్పుకుంటుంది?' అని మొదలుపెడతారు. మీరు రెండు ప్రశ్నలతో మొదలుపెట్టండి. మీ పార్ట్‌నర్ ఆ దేశంలోకి ఏ హోదాలో వెళ్తారు? ఆ హోదాకి పని చేసే హక్కు ఉందా? రెండిటికీ సరైన జవాబు వచ్చిన దేశమే మీ దేశం. ఒప్పుకోవడం వేరు, పని చేయనివ్వడం వేరు. అమెరికానే చూడండి. స్వలింగ వివాహాన్ని అక్కడి వలస శాఖ 2013 నుంచి మామూలు పెళ్లితో సమానంగానే చూస్తోంది. అయినా హెచ్-4 మీద వెళ్లిన భార్యకో భర్తకో వెంటనే పని హక్కు రాదు. హెచ్-1బి ఉన్నవాళ్ల గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఐ-140 (కంపెనీ పెట్టే పిటిషన్) ఆమోదం పొందడం లాంటి షరతులు తీరాకే ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, అడగాలి, అది కూడా 2015లో వచ్చిన వెసులుబాటు. అదే ఎల్-1 (సొంత కంపెనీ అమెరికా శాఖకి బదిలీ) ఉద్యోగి జీవిత భాగస్వామికి 2021 నవంబర్ నుంచి హోదాతోపాటే పని హక్కు వస్తోంది. చదువుకునేవాళ్ల వెంట ఎఫ్-2 మీద వెళ్తే పని అసలే లేదు. ఇదంతా పెళ్లయినవాళ్ల సంగతి. పెళ్లి కాని పార్ట్‌నర్‌కి ఈ డిపెండెంట్ వీసాలేవీ దొరకవు. కలిసి ఉంటున్న పార్ట్‌నర్‌కి బి-2 సందర్శక వీసా ఇచ్చే వీలుంది కానీ, దాని మీద పని చేయకూడదు. కాబట్టి పెళ్లి చేసుకోకుండా అమెరికా ఆలోచన పెట్టుకోవద్దనే చెబుతాను.

ఇక మీ మూడు దేశాలు.

నా ఓటు నెదర్లాండ్స్‌కి. ప్రపంచంలో స్వలింగ వివాహాన్ని మొదట చట్టం చేసింది వాళ్లే, 2001 ఏప్రిల్ 1న. మీకు అంతకన్నా ముఖ్యమైనది, వీసా విషయంలో వాళ్లు పెళ్లిని తప్పనిసరి చేయకపోవడం. శాశ్వతమైన, మరొకరికి చోటు లేని బంధం అని చూపిస్తే చాలు, పెళ్లి కాని భాగస్వామికీ నివాస అనుమతి ఇస్తారు. మీరు హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ (అధిక నైపుణ్యమున్న విదేశీ ఉద్యోగి) కేటగిరీలో వెళ్తే మీ ఇద్దరి దరఖాస్తూ కంపెనీయే ఒకేసారి పెట్టొచ్చు. మీ పార్ట్‌నర్ కార్డు మీద పని స్వేచ్ఛగా చేయవచ్చని, వేరే పర్మిట్ అక్కర్లేదని రాసి ఉంటుంది. ఆవిడ ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు, సొంత వ్యాపారం పెట్టుకోవచ్చు. ఇందుకు ప్రతిగా వాళ్లు అడిగేవి: ఇద్దరూ అవివాహితులని తెలిపే ధ్రువపత్రం, అది అధికారికంగా లీగలైజ్ అయి ఉండాలి. మీ బంధం గురించిన డిక్లరేషన్. అక్కడికి వెళ్లాక ఇద్దరూ ఒకే చిరునామాలో నమోదై ఉండాలి. ఆ అవివాహిత ధ్రువపత్రం తెప్పించడం, దాని మీద అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర) వేయించడం మాత్రం అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు పడుతుంది. ఆఫర్ లెటర్ కోసం ఆగకుండా ఆ పని ఈ వారమే మొదలుపెట్టండి.

కెనడా కూడా మంచి దారే, కాకపోతే ఇప్పుడు కాస్త ఇరుకైంది. అక్కడ కామన్-లా పార్ట్‌నర్ అంటే కనీసం 12 నెలలు ఆపకుండా కలిసి ఉన్నవాళ్లు. మీరు మూడేళ్లున్నారు కనుక అర్హత ఉన్నట్టే. కలిసి ఉంటున్నామని చెప్పే ఐఎంఎం 5409 అనే ఫారం మీద ఇద్దరూ ప్రమాణపూర్వకంగా సంతకం చేయాలి. పనికోసమో, ఇంట్లో అత్యవసరం వచ్చో కొన్నాళ్లు విడిగా ఉన్నా తప్పు లేదు, ఆ ఖాళీని వివరిస్తే చాలు. చిక్కు ఎక్కడంటే ఓపెన్ వర్క్ పర్మిట్ దగ్గర, అంటే మీ పార్ట్‌నర్ ఏ కంపెనీలోనైనా పని చేసేందుకు ఇచ్చే అనుమతి దగ్గర. 2025 జనవరి 21 నుంచి దాన్ని బాగా కుదించారు. మీ ఉద్యోగం టీర్ (ఉద్యోగానికి కావాల్సిన చదువు, శిక్షణల స్థాయి) 0 లేదా 1లో ఉండాలి, లేదా టీర్ 2, 3లో వాళ్లు ఎంపిక చేసిన వృత్తుల్లో ఒకటై ఉండాలి. మీ పర్మిట్‌లో కనీసం 16 నెలలు మిగిలి ఉండాలి. కంపెనీ మీకు ఏడాది కాంట్రాక్టు ఇస్తానంటే మీ పార్ట్‌నర్ పని హక్కు అక్కడితో పోయినట్టే. కాబట్టి జీతం గురించి మాట్లాడేటప్పుడే కాంట్రాక్టు రెండేళ్లకు తగ్గకుండా అడగండి. కొందరు వేరేచోట చదివి 'కాంజుగల్ పార్ట్‌నర్' అనే మాట పట్టుకుని వస్తారు. చట్టం వల్లో, వీసాలు రాకో పెళ్లీ చేసుకోలేక, కలిసీ ఉండలేక కనీసం ఏడాదిగా బంధంలో ఉన్నవాళ్ల కోసం పెట్టింది అది. మంచి నిబంధనే. కానీ కెనడా పౌరులు, పీఆర్ (శాశ్వత నివాస హోదా) ఉన్నవాళ్లు తమ పార్ట్‌నర్‌ని స్పాన్సర్ చేసేటప్పుడే అది పనికొస్తుంది. వర్క్ పర్మిట్ మీద వెళ్లే మీకు దాంతో పని లేదు.

జర్మనీ దగ్గర దారి పెళ్లి మీదుగానే. ఎంత కాలం కలిసి ఉన్నా సహజీవనం ఆధారంగా కుటుంబ వీసా ఇవ్వరు. స్వలింగ వివాహం అక్కడ 2017 అక్టోబర్ 1 నుంచి చట్టబద్ధం, పెళ్లయ్యాక వచ్చే భాగస్వామికి పని మీద ఆంక్షలు లేవు. మీకు బ్లూ కార్డ్ (నిపుణులైన విదేశీ ఉద్యోగులకిచ్చే ఈయూ అనుమతి) వస్తే ఆవిడకి ముందుగా జర్మన్ భాష పరీక్ష కూడా అక్కర్లేదు. అంటే పెళ్లి ఒక్కటే అడ్డం. దాన్ని దాటడానికి ఎక్కువమంది చేసేది డెన్మార్క్ వెళ్లి పెళ్లి చేసుకోవడం. అక్కడ స్వలింగ వివాహం 2012 నుంచి ఉంది, ఆ దేశంలో నివాసం లేని జంటలకూ చేస్తారు. ముందు ఫ్యామిలీ లా ఏజెన్సీ నుంచి అనుమతి పత్రం తెచ్చుకోవాలి, పెళ్లి రోజుకి ఇద్దరూ అక్కడ చట్టబద్ధంగా ఉండాలి, అంటే షెంజెన్ వీసా కావాలి. ఆ పెళ్లిని జర్మనీ గుర్తిస్తుంది. ఆన్‌లైన్ పెళ్లి సంగతి వేరు. జర్మనీలో కూర్చుని అమెరికాలోని ఒక కౌంటీ ద్వారా వీడియోలో చేసుకున్న పెళ్లి చెల్లదని అక్కడి అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2024లో తేల్చేసింది.

పెళ్లి మాట వచ్చింది కనుక ఒక్కటి చెప్పాలి. వీసా కోసం తొందరపడి చేసుకునే పెళ్లి తేలికే, విడాకులే కష్టం. చాలా దేశాలు పెళ్లి చేసుకోవడానికి నివాసం అడగవు, విడాకులకి మాత్రం అడుగుతాయి. మీ సొంత దేశమేమో ఆ పెళ్లినే గుర్తించదు కాబట్టి విడాకులూ ఇవ్వదు. కెనడాలో పెళ్లి చేసుకుని వెళ్లిపోయిన విదేశీ జంటలు సరిగ్గా ఇలాగే ఇరుక్కుంటే, 2013లో వాళ్ల కోసం ప్రత్యేకంగా చట్టం తేవాల్సి వచ్చింది. ఇంకో సంగతి. ఒక దేశంలో పెళ్లి నమోదైన రోజు నుంచి ఏ వీసా ఫారంలోనైనా మీరు 'అవివాహిత' అని రాయలేరు. ఆ పెళ్లిని నేరంగా చూసే దేశానికి ఎప్పుడైనా పని మీద వెళ్లాల్సి వస్తే, ఆ జవాబు మీకు ప్రమాదం కావచ్చు. పెళ్లి చేసుకోవద్దని కాదు నేననేది. మీ ఇద్దరి మనసులో ఎలాగూ ఉంటే సంతోషంగా చేసుకోండి. వీసా ఒక్కటే కారణమైతే, పెళ్లి అడగని దేశం మీ చేతిలో ఉంది కదా.

ఇదే ప్రశ్నతో వచ్చే మిగతావాళ్ల కోసం ఇంకొన్ని దేశాలు. బ్రిటన్‌లో పెళ్లితో సమానమైన బంధం కనీసం రెండేళ్లుగా ఉందని చూపాలి. 2024 జనవరి 31కి ముందు ఆ రెండేళ్లూ కలిసి ఉండితీరాలనేవారు, ఇప్పుడు విడిగా ఉండాల్సి వచ్చినా కారణం చెబితే వింటారు. స్కిల్డ్ వర్కర్ వెంట వెళ్లిన పార్ట్‌నర్ క్రీడావృత్తి తప్ప ఏ పనైనా చేయొచ్చు. కానీ కేర్ వర్కర్లుగా 2024 మార్చి 11 నుంచి కొత్తగా వెళ్లినవాళ్లకి ఎవరినీ వెంట తీసుకెళ్లే వీల్లేకపోయింది, 2025 జూలై 22 నుంచి విదేశాల నుంచి ఆ పనికి కొత్తగా వెళ్లే దారినే మూసేశారు. విద్యార్థుల్లో పార్ట్‌నర్‌ని తీసుకెళ్లే వీలు ప్రధానంగా పీహెచ్‌డీ లాంటి పరిశోధన కోర్సుల వాళ్లకే మిగిలింది. ఐర్లండ్ ఇప్పటికీ రెండేళ్లు కలిసి ఉన్న రుజువే అడుగుతుంది. అయితే 2024 మే నుంచి జనరల్ ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్ వాళ్ల పార్ట్‌నర్లకూ స్టాంప్ 1జి అనే నివాస హోదా ఇచ్చి, వేరే పర్మిట్ లేకుండా పని చేయనిస్తోంది. ఆస్ట్రేలియాలో పార్ట్‌నర్ వీసాకి 12 నెలల డి ఫ్యాక్టో బంధం (పెళ్లి లేకుండా జంటగా జీవించడం) కావాలి, ఆ వీలున్న రాష్ట్రంలో బంధాన్ని రిజిస్టర్ చేసుకుంటే ఆ 12 నెలల నియమం వర్తించదు. న్యూజిలాండ్ రెసిడెన్స్‌కి కూడా 12 నెలలు కలిసి జీవించి ఉండాలి.

ఆసియాలో దారులు తక్కువ. తైవాన్‌లో 2019 నుంచి, థాయ్‌లాండ్‌లో 2025 జనవరి 23 నుంచి స్వలింగ వివాహం ఉంది. హాంకాంగ్‌లో ఆ పెళ్లి చేసుకోవడానికి వీల్లేదు కానీ, బయట చట్టబద్ధంగా చేసుకుని వస్తే 2018 సెప్టెంబర్ నుంచి డిపెండెంట్ వీసా ఇస్తున్నారు. అక్కడి అత్యున్నత న్యాయస్థానంలో ఒక మహిళ పోరాడి గెలిచిన ఫలితం అది. దాని మీద పని కూడా చేయొచ్చు. సింగపూర్ పురుషుల మధ్య స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377ఎ సెక్షన్‌ని తీసేసింది, స్వలింగ వివాహాన్ని మాత్రం గుర్తించదు. అక్కడికి ఇద్దరూ వెళ్లాలంటే ఎవరి వర్క్ పాస్ వాళ్లు తెచ్చుకోవడమే. గల్ఫ్ దేశాల విషయంలో నా మాట మొహమాటం లేకుండా చెబుతాను. సౌదీ, యూఏఈ, ఖతార్‌లలో స్వలింగ సంబంధం నేరం. జీతం ఎంత ఎక్కువిచ్చినా మీలాంటి జంటని అక్కడికి పంపమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. స్త్రీ పురుష జంటలకైనా పెళ్లి లేకుండా డిపెండెంట్ వీసా అక్కడ కుదరదు.

ఇప్పుడు అసలు కష్టం ఎక్కడుందో చెబుతాను. నిబంధన తెలియడం చిన్న పని. మీరు జంట అని మిమ్మల్ని ఎప్పుడూ చూడని అధికారికి కాగితాల మీద నమ్మించడం పెద్ద పని. నా మొదటి దరఖాస్తు తిరస్కరించారు. ఐదేళ్లు ఒకే కప్పు కింద ఉన్నాం, కానీ అద్దె ఒప్పందం నా పేరు మీద, కరెంటు బిల్లు నా పేరు మీద, గ్యాస్ నా పేరు మీద. తన పేరుతో ఆ ఇంటికి ఒక్క ఉత్తరం ముక్క రాలేదు. ఇంట్లోవాళ్లకు తెలియకూడదని బ్యాంకు చిరునామా కూడా పాతదే ఉంచాం. కాగితాల ప్రకారం తను ఆ ఇంట్లో లేనే లేడు. ఆ తిరస్కరణ ఉత్తరం చదివిన రోజు ఇద్దరం ఎంత ఏడ్చామో ఇప్పటికీ గుర్తుంది. తర్వాత పధ్నాలుగు నెలలు పట్టింది ఆ లోటు పూడ్చడానికి.

అందుకని మీ బంధం దాచుకోవాల్సి వచ్చినా కాగితాన్ని మాత్రం దాచకండి. అద్దె ఒప్పందంలో రెండో పేరు పెట్టించడానికి మీరు జంట అని ఇంటి ఓనరుకి చెప్పక్కర్లేదు, 'ఇద్దరం ఉంటున్నాం, ఇద్దరి పేర్లూ రాయండి' అంటే చాలు. ఉమ్మడి ఖాతా కుదరకపోతే, ప్రతి నెలా ఒకరి ఖాతా నుంచి ఇంకొకరికి 'అద్దె', 'సరుకులు' అని రాసి డబ్బు పంపండి. రెండేళ్ల ఆ వరస ఏ అఫిడవిట్‌కన్నా గట్టి సాక్ష్యం. బీమాలో, పీఎఫ్‌లో నామినీగా పెట్టుకునే వీలుంటే పెట్టుకోండి. ఒకే చిరునామాకి విడివిడిగా మీ ఇద్దరి పేర్లతో వచ్చే ఉత్తరాలు కూడా లెక్కలోకి వస్తాయి, ఈ సంగతి చాలామందికి తెలియదు. ఆస్పత్రిలో చేర్చినప్పుడు అత్యవసర కాంటాక్టుగా రాసిన ఫారం, కలిసి వెళ్లిన ప్రయాణాల టికెట్లు, ఇద్దరి పేర్లతో వచ్చిన పెళ్లి పిలుపులు, ఇవన్నీ దాచండి.

ఆస్ట్రేలియా నిబంధనల్లో బంధాన్ని నాలుగు వైపుల నుంచి చూడాలని రాసి ఉంటుంది: డబ్బు, ఇల్లు, నలుగురిలో గుర్తింపు, ఒకరికొకరు ఇచ్చుకున్న మాట. మీరు ఏ దేశానికి వెళ్లినా మీ ఫైలుని ఈ నాలుగింటితో సరిచూసుకోండి, ఎక్కడ బలహీనమో తెలిసిపోతుంది. మీలాంటివాళ్లకి మూడోదే తక్కువగా ఉంటుంది, ఎందుకంటే బంధువులకి చెప్పుకోలేని పరిస్థితి. దానికి భయపడొద్దు. 'మా కుటుంబాలకు తెలియదు, ఈ కారణాల వల్ల చెప్పలేకపోయాం' అని మీ వాంగ్మూలంలోనే నిజాయితీగా రాయండి. మీ గురించి తెలిసిన ఇద్దరు ముగ్గురు స్నేహితులతో, సహోద్యోగులతో ఉత్తరాలు రాయించండి. వాళ్లు మిమ్మల్ని పొగడక్కర్లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఏ సందర్భంలో మిమ్మల్ని జంటగా చూశారో రాస్తే చాలు. చాట్‌లు పెడుతుంటే నాలుగు వందల పేజీలు ఎవరూ చదవరు. ఏడాదికి ఐదారు పేజీలు, రకరకాల నెలల నుంచి, మామూలు మాటలున్నవి ఎంచుకోండి. 'పాలు తెచ్చావా', 'ఓనరు ఫోన్ చేశాడు' లాంటి సందేశాలు ప్రేమ కవిత్వంకన్నా ఎక్కువ నమ్మిస్తాయి.

వీటన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఇంకొకటుంది. 'ఇప్పుడు సింగిల్ అని రాసేసి నేను వెళ్లిపోతా, తర్వాత తనని రప్పించుకుంటా' అనే ఆలోచన. దయచేసి ఆ పని చేయకండి. ఫారంలో చట్టపరమైన వైవాహిక స్థితి మాత్రమే అడిగి, సహజీవనం అనే గడి లేకపోతే 'అవివాహిత' అని రాయడం తప్పు కాదు. కానీ కామన్-లా, డి ఫ్యాక్టో, పార్ట్‌నర్ అనే గడి ఉన్నచోట దాన్ని వదిలేసి సింగిల్ అని టిక్ పెడితే, అది అబద్ధం. కెనడాలో పీఆర్ వచ్చే సమయానికి ఉన్న పార్ట్‌నర్‌ని మీరు చూపకపోతే, అధికారి ఆమెని పరిశీలించకపోతే, ఆ తర్వాత ఫ్యామిలీ క్లాస్ (కుటుంబసభ్యుల వలస కేటగిరీ) కింద ఆమెని స్పాన్సర్ చేసే అర్హత పోతుంది. కొన్ని సడలింపులు వచ్చాయి కానీ వాటిని నమ్ముకుని అడుగు వేయకూడదు. ఆస్ట్రేలియా విద్యార్థి వీసాలో కూడా మొదటే చెప్పని కుటుంబసభ్యుల్ని తర్వాత చేర్చుకోవడం కష్టం. ఆవిడ మీతో వెంటనే రాకపోయినా సరే, 'వెంట రాని భాగస్వామి' అని పేరు రాయండి. మీ ఇద్దరి పాత వీసా ఫారాలు ఒకసారి తీసి చూసుకోండి. రెండేళ్ల కిందట టూరిస్ట్ వీసాలో వేరే చిరునామా రాసి ఉంటే, ఆ తేడాకి కారణాన్ని వాళ్లు అడగకముందే ఒక పేరాలో వివరించండి.

మీ పార్ట్‌నర్‌కి సొంతంగా అర్హత ఉంటే ఆ దారి కూడా చూడమంటాను. డిపెండెంట్‌గా వెళ్లడంలో ఒక బలహీనత ఉంది: బంధం చెడితే వీసా కూడా పోతుంది. ఇవాళ అలాంటిది ఊహించుకోవడం ఇష్టం ఉండదని తెలుసు. కానీ 'నేను లేకపోతే నువ్వు ఈ దేశంలో ఉండలేవు' అనే మాట ఇంట్లో ఒక్కసారి వినబడితే చాలు, ఆ బంధంలో సమానత్వం పోతుంది. వలస వచ్చిన జంటల్లో ఇది నేను కళ్లారా చూశాను. ఆవిడ చేసే పని గిరాకీ ఉన్నదైతే అదే నగరంలో సొంత వర్క్ పర్మిట్‌కి ప్రయత్నించొచ్చు. జర్మనీయే ఎంచుకున్నారనుకోండి, 2024 జూన్ నుంచి ఆపర్చునిటీ కార్డ్ ఉంది. అర్హతలు కుదిరితే ఏడాది వరకు అక్కడే ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చు, ఆ లోపు వారానికి 20 గంటలు పని చేయొచ్చు. పెళ్లితో సంబంధం లేకుండా ఆవిడ తన కాళ్ల మీద వెళ్లే దారి అది. ఇద్దరూ విడివిడి వీసాల మీద వెళ్లినా, అక్కడ కలిసి ఉన్న కాలం తర్వాతి దరఖాస్తుకి రుజువుగా పనికొస్తుంది.

నిబంధనలు తరచూ మారుతున్నాయి, ముఖ్యంగా కెనడావి, బ్రిటన్‌వి. దరఖాస్తు పెట్టే వారంలో ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మళ్లీ చూసుకోండి. ఒక్కసారైనా ఆ దేశంలో లైసెన్సు ఉన్న ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. పాత తిరస్కరణో, పాత పెళ్లో, పిల్లలో ఉంటే లాయర్ లేకుండా కదలొద్దు.

ఈలోపు ఆఫర్ మీద సంతకం పెట్టకముందే హెచ్‌ఆర్‌కి ఈమెయిల్ రాయండి, ఫోన్లో వద్దు. ఇలా: 'నాకు మూడేళ్లుగా కలిసి జీవిస్తున్న భాగస్వామి ఉన్నారు. నెదర్లాండ్స్ నిబంధనల ప్రకారం పెళ్లి కాని భాగస్వామికి కూడా నివాస అనుమతి ఉంది. నా దరఖాస్తుతోపాటే ఆమె దరఖాస్తు కూడా కంపెనీ పెడుతుందా? ఆమె ప్రయాణం, ఆరోగ్య బీమా ప్యాకేజీలోకి వస్తాయా? రాకపోతే ఆ ఖర్చు నేను భరిస్తాను, దరఖాస్తు మాత్రం కలిపి పెట్టగలరా?' జెండర్ చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం, ఈ దశలో వాళ్లకి అది అవసరం లేదు. కాకపోతే దరఖాస్తు నాటికి పాస్‌పోర్టులో ఎలాగూ కనిపిస్తుంది కనుక, ఆ ఆఫీసులో మీరు నమ్మే మనిషి ఎవరో ముందే చూసుకోండి. వాళ్ల జవాబు వచ్చాక ఇక్కడ పెట్టండి, మీ అద్దె ఒప్పందంలో ప్రస్తుతం ఎవరి పేరుందో కూడా రాయండి. అది చూసి మీ ఫైలులో ఏం తక్కువుందో చెబుతాను.